కన్నీరు రాని జబ్బు – ఒక పాత ఫైలు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి పంపమని కార్యదర్శిగారు అడిగారు. నేను కాకినాడ పాత కలెక్టరేటు కబుర్లో, జమాబందీ రోజుల ముచ్చట్లో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైన వాడికి అంతకన్నా ఏం తెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అయితే ఈ పదేళ్ళుగా నేను చదువుతున్న చరిత్ర వేరే ఉన్నది. అది మా ఇంట్లోకి వచ్చి కూర్చున్న ఒక జబ్బు చరిత్ర. మన సభ్యుల ఇళ్ళల్లో కూడా ఇది ఒకరిద్దరికి ఉండి, పేరు తెలియక బాధపడుతూ ఉండవచ్చు గనుక రాస్తున్నాను.

2015లో మా ఆవిడ అన్నగారు కాలం చేశారు. ఆయనంటే ఈవిడకు ప్రాణం. శవం దగ్గర కూర్చున్నది, గుండెలు బాదుకున్నది, గొంతు పోయేలా ఏడ్చింది. కంటివెంట మాత్రం చుక్క రాలేదు. పదకొండో రోజున వంటశాల దగ్గర ఒకావిడ ఇంకొకావిడతో "సొంత అన్న పోతే కంట తడి లేదు, ఏం మనిషో" అన్నది నా చెవిన పడింది. మా ఆవిడ చెవిన కూడా పడిందని తర్వాత తెలిసింది. ఆ మాట మీద ఆమె ఇప్పటికీ ఏమీ అనదు.

అప్పటికి నాలుగేళ్ళుగా కళ్ళల్లో ఇసుక పోసినట్టున్నదని అంటూనే ఉన్నది. కళ్ళద్దాలు రెండుసార్లు మార్పించాను. సున్నుండ నోట్లో వేసుకుంటే అంగిట్లో అతుక్కుపోయి, గ్లాసుడు నీళ్ళు తాగితేగాని దిగేది కాదు. అప్పడం, మరమరాలు మానేసింది. రాత్రిపూట నాలుగుసార్లు లేచి నీళ్ళు తాగుతుంటే షుగరేమోనని పరీక్ష చేయించాం, లేదన్నారు. పళ్ళు చిగుళ్ళ దగ్గర వరుసగా పుచ్చిపోయాయి. చివరికి 2016లో జబ్బు సంగతి పసిగట్టినది కంటి డాక్టరూ కాదు, ఫిజీషియనూ కాదు, పళ్ళ డాక్టరు. "అమ్మా, మీకు నోరు ఎండుతుందా? ఏడిస్తే నీళ్ళొస్తాయా?" అని అడిగాడు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. అక్కణ్ణుంచి కీళ్ళవాతం స్పెషలిస్టు దగ్గరకు వెళ్ళాం. రక్తపరీక్ష చేశారు, కింది పెదవి లోపల నుంచి గింజంత ముక్క తీశారు. జబ్బు పేరు షోగ్రెన్స్ అన్నారు. మన శరీరాన్ని కాపాడవలసిన తెల్లకణాలే పొరబడి కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దండెత్తడం దీని స్వభావం. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళే.

ఆఫీసులో ఏ కాగితం వచ్చినా పాత ఫైలు తీసి మొదటి నుంచి చదవకుండా నోటు పెట్టే అలవాటు నాకు లేదు. అప్పటికి ఇంటర్ చదువుతున్న మా మనవరాలు తర్వాత ఎం.బి.బి.ఎస్.లో చేరింది. దాన్ని సతాయించి కాగితాలు ప్రింటు తీయించుకొని, అర్థం కానివి అడిగి తెలుసుకున్నాను. ఇక ఫైలులోకి వద్దాం.

మొదటి కాగితం 1888 నాటిది. ఆ ఏడు లండనులో హాడెన్ అనే వైద్యుడు నోరు ఎండిపోయిన ఒక వృద్ధురాలి సంగతి నివేదించాడు. జబొరాండి అనే దక్షిణ అమెరికా మొక్క ఆకు కషాయం ఇస్తే ఆమెకు కొంత ఊరట దొరికిందన్నాడు. దాదాపు అదే కాలంలో కోనిగ్స్‌బర్గ్ నగరంలో మికులిచ్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు నలభై రెండేళ్ళ రైతు ఒకరికి కన్నీటి గ్రంథులు, దవడల కింద గ్రంథులు ఉబ్బిపోవడం చూసి, ఆ వివరాలు 1892లో అచ్చువేశాడు. చాలాకాలం ఇదీ అదీ ఒకటేనా కాదా అన్న తగాదా నడిచింది. 1953లో ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒకటే అన్నారు. ఇప్పుడు మళ్ళీ ఆ రైతుది వేరే జబ్బు అయి ఉంటుందంటున్నారు. సరిహద్దు తగాదాలు మన సర్వే శాఖకే పరిమితం కాదన్నమాట.

1903లో జర్మనీలో షిర్మర్ ఒక పరీక్ష కనిపెట్టాడు. సన్నటి ఫిల్టర్ కాగితం ముక్క చివర మడిచి కింది రెప్పలో తగిలించి ఐదు నిమిషాలు ఉంచుతారు. ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలుస్తారు. ఐదులోపు ఉంటే కన్ను ఎండినట్టే. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఇప్పటికీ అదే కాగితం, అదే కొలత. మా ఆవిడకు మొదటిసారి కుడికన్ను మూడు, ఎడమకన్ను రెండు వచ్చింది.

1925లో ఫ్రాన్సులో గూజెరో అనే చర్మవైద్యుడు, ఇది ఒక్క కంటిదో ఒక్క నోటిదో కాదు, ఒంట్లోని గ్రంథులన్నిటినీ ఎండబెట్టే జబ్బు అని గుర్తించాడు. అందుకే ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ ఆయన పేరు ముందు పెట్టి, షోగ్రెన్ పేరు తర్వాత చెబుతారు.

ఇక షోగ్రెన్‌గారు. ఈయన దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, పాఠకులు మన్నించాలి. హెన్రిక్ షోగ్రెన్ 1899లో స్వీడన్‌లో పుట్టిన కంటి డాక్టరు. 1930 ప్రాంతంలో ఆయన దగ్గరకు కళ్ళు ఎండి, నోరు ఎండి, కీళ్ళనొప్పులతో ఒక ఆడమనిషి వచ్చింది. మూడూ ఒకే మనిషికి ఎందుకు వచ్చాయని ఆయనకు అనుమానం తగిలింది. అలాంటివాళ్ళను వెతికి, మొత్తం పందొమ్మిదిమంది ఆడవాళ్ళను పరీక్షించి 1933లో జర్మన్ భాషలో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. వాళ్ళలో ఎక్కువమందికి కీళ్ళవాతం కూడా ఉన్నది. ఈనాడు ప్రపంచమంతా ఏ పుస్తకం పేరు చెబితే లేచి నిలబడుతుందో ఆ పుస్తకానికి పరీక్షకులు ఇచ్చిన మార్కులు చాలలేదు. దాంతో విశ్వవిద్యాలయంలో డోసెంటు పదవి రాలేదు. ఆయన కేసు వేయలేదు, ఊరు వదిలి అలిగి పోలేదు. యోన్‌షోపింగ్ అనే పట్టణంలో ఆసుపత్రి ఉద్యోగంలో చేరి, రోగులను చూసుకుంటూ, తీరిక వేళల్లో ఇదే విషయం మీద వ్యాసాలు రాసుకుంటూ పోయాడు. 1943లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు బ్రూస్ హామిల్టన్ ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేశాకగాని లోకానికి సంగతి తెలియలేదు. 1957లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం డోసెంటు గౌరవమూ, 1961లో స్వీడన్ ప్రభుత్వం ప్రొఫెసర్ బిరుదూ ఇచ్చాయి. ఇరవై నాలుగేళ్ళ తర్వాత వచ్చిన నోషనల్ ప్రమోషన్ అది. అరియర్స్ ఏమైనా ఇచ్చారో లేదో ఆ కాగితాల్లో లేదు. 1986లో ఆయన కన్నుమూశాడు. సీనియారిటీ జాబితాలో పేరు కిందపడి పన్నెండేళ్ళు తిరిగిన నాకు ఈయన మీద ఇంత అభిమానం ఎందుకో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

సొంత కణాలే సొంత ఒంటిని కొడతాయన్న సంగతిని వైద్యలోకం చాలాకాలం నమ్మలేదు. 1956లో అమెరికాలోని బఫెలోలో రోజ్, విటెబ్‌స్కీ అనేవారు కుందేళ్ళ థైరాయిడ్ మీద దాన్ని రుజువు చేశారు. ఆ తర్వాత షోగ్రెన్స్ రోగుల రక్తంలో రెండు గుర్తులు దొరికాయి. వాటికి రో, లా అని పేర్లు. అదేదో లాటిన్ అనుకున్నాను. కాదట, మొదట ఏ రోగుల రక్తంలో దొరికిందో వాళ్ళ పేర్లలోని అక్షరాలట. మా ఆవిడ రిపోర్టులో రో పక్కన పాజిటివ్ అని ఉంటుంది. ఎవరో తెలియని ఆ మనిషి మా ఇంటి బీరువాలో ఉన్నారు.

మందుల సంగతి త్వరగా చెబుతాను. హాడెన్ వాడిన ఆ జబొరాండి ఆకులోని సారమే పైలోకార్పిన్. దాన్ని ఈ జబ్బులో నోటి ఎండుకు మాత్రగా అమెరికా ప్రభుత్వం 1998లో అనుమతించింది. కషాయం నుంచి మాత్రకు నూట పదేళ్ళు. 2002లో సైక్లోస్పోరిన్ కంటిచుక్కలు వచ్చాయి. ఎక్కువమందికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఫ్రాన్సులో 120 మంది మీద పరీక్షించి, ఉత్త మాత్ర కన్నా ఎండుదనం మీద, నొప్పుల మీద, నీరసం మీద ఎక్కువేమీ పనిచేయలేదని 2014లో రాశారు. 2011లో టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ తనకు ఈ జబ్బు ఉన్నదని చెప్పి అమెరికన్ ఓపెన్ పోటీ నుంచి తప్పుకున్నాకగాని మామూలు జనానికి ఈ పేరు తెలియలేదు.

ఇప్పుడు అసలు విషయం, మూలకణాలు. వీటినే స్టెమ్ సెల్స్ అంటున్నాం. 1961లో కెనడాలోని టొరాంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు, ఎముకల మూలుగలో ఒక్క కణం నుంచే రకరకాల రక్తకణాలు పుడతాయని ఎలుకల్లో చూపించారు. రక్తపు కాన్సరుకు మూలుగ మార్పిడి చేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఈ మూలుగ కణాలది ఒక దారి, మా ఆవిడకు చెప్పిన కణాలది ఇంకొక దారి. ఈ తేడా తెలియక నేను మోసపోయేవాణ్ణే.

మొదటి దారిలో, రోగి సొంత మూలుగ కణాలను ముందుగా తీసి దాచి, బలమైన మందులతో ఒంట్లోని తప్పుడు తెల్లకణాలను తుడిచిపెట్టి, దాచినవి తిరిగి ఎక్కిస్తారు. 1990ల మధ్యకాలం నుంచి ఆటోఇమ్యూన్ జబ్బులు బాగా ముదిరినవాళ్ళకు ఇది చేస్తున్నారు. చర్మం, ఊపిరితిత్తులు గట్టిపడే స్క్లీరోడెర్మా జబ్బులో 156 మంది మీద యూరపులో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. మొదటి ఏడాదిలోనే పదిమందిలో ఒకరు ఈ చికిత్స వల్లనే పోయారు. బతికి బట్టకట్టినవాళ్ళు మాత్రం మందులు వాడినవాళ్ళ కన్నా ఎక్కువకాలం ఉన్నారు. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు అది న్యాయమే. కళ్ళు ఎండిన మనిషికి ఆ బేరం ఎవరూ చెప్పరు.

రెండో దారికి మూలపురుషుడు రష్యావాడు ఫ్రీడెన్‌స్టైన్. రక్తకణాలను పుట్టించనివీ, ఎముకను పుట్టించగలిగేవీ అయిన వేరే కణాలు మూలుగలో ఉన్నాయని ఆయన కనిపెట్టాడు. 1991లో అమెరికాలో ఆర్నాల్డ్ కాప్లన్ వాటికి మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టాడు. కొవ్వులోనూ, బొడ్డుతాడులోనూ కూడా ఇవి దొరుకుతాయి. వీటిని ఎక్కిస్తే పోయిన గ్రంథి మళ్ళీ మొలుస్తుందని జనం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అవి మొలకెత్తవు. కొన్నాళ్ళు ఉండి, కొన్ని రసాయనాలు విడిచి, తగువులాడే తెల్లకణాలను కాస్త శాంతపరచి పోతాయి. పేరు పెట్టిన కాప్లనే 2017లో, ఈ పేరు వల్ల జనం మోసపోతున్నారు, పేరు మార్చండి మహాప్రభో అని వ్యాసం రాశాడు. అప్పటికే ఆ పేరు బోర్డుల మీదికి ఎక్కేసింది.

షోగ్రెన్స్ విషయంలో ముఖ్యమైన కాగితం 2012లో చైనా నుంచి వచ్చింది. ముందు ఎలుకల్లో చూసి, తర్వాత 24 మంది రోగులకు బొడ్డుతాడు కణాలను రక్తంలోకి ఎక్కించారు. లాలాజలం పెరిగింది, జబ్బు తగ్గుముఖం పట్టింది అని రాశారు. పేరున్న పత్రికలోనే అచ్చయింది. కాని పోల్చి చూడడానికి ఉత్త మందు ఇచ్చిన రోగుల జట్టు అందులో లేదు.

ఈ కాగితాన్నే చూపించి, 2022లో ఒక పెద్ద నగరంలోని క్లినిక్‌వారు మాకు మూడు విడతలకు నాలుగు లక్షల ఎనభై వేలు చెప్పారు. కరపత్రం మా బంధువొకాయన తెచ్చిచ్చాడు. గోడల నిండా నవ్వుతున్న మనుషుల ఫొటోలు. నూటికి ఎనభైమందికి బాగయిందన్నారు. ఆ ఎనభైమంది రిజిస్టరు చూపిస్తారా అని అడిగాను, అలవాటు పోదు కదా. అక్కడ కూర్చున్న అబ్బాయి నవ్వి, "అంకుల్, అది కాన్ఫిడెన్షియల్" అన్నాడు. అయినా నా మనసు అటే లాగింది. ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు సంచిలో పెట్టుకొనే వెళ్ళాను. వంటశాల దగ్గర విన్న ఆ మాట నన్ను తీసుకెళ్ళింది అక్కడికి.

ఇంటికొచ్చి మనవరాలికి ఫోను చేశాను. "తాతయ్యా, ఇది ట్రయలా, ట్రీట్‌మెంటా?" అన్నది. తెలియదన్నాను. "ట్రయల్ అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, మన దగ్గర డబ్బు తీసుకోరు. ట్రీట్‌మెంట్ అంటే మాత్రం దీనికి మన దేశంలో అనుమతే లేదు" అని చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు పంపింది. జి.ఓ. చదివినట్టు రెండుసార్లు చదివాను. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు మూలుగ మార్పిడి తప్ప, మూలకణాల వాడకం ఏదైనా ఆమోదం పొందిన ట్రయల్‌లోనే జరగాలి, బయట చేయడం నీతికి విరుద్ధం అని స్పష్టంగా ఉన్నది. మర్నాడు ఆ క్లినిక్‌కు ఫోను చేసి రిజిస్ట్రీ నంబరు అడిగాను. మళ్ళీ చేస్తామన్నారు. చేయలేదు.

మరి మన హైదరాబాదులో మూలకణాలతో కంటిచూపు తెప్పిస్తున్నారు కదా అని మీలో కొందరు అంటారు. మా బంధువూ అదే అన్నాడు. నిజమే, అది గర్వించదగిన సంగతే. 1997లో ఇటలీలో మొదలైన ఆ పద్ధతిని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు 2001 నుంచి చేస్తున్నారు. 2012లో ప్రయోగశాల అవసరం లేకుండా ఆపరేషను బల్ల మీదే పూర్తిచేసే చవక పద్ధతిని కూడా ప్రకటించారు. కాని అది సున్నమో, ఆసిడో పడి కంటి నల్లగుడ్డు చుట్టూ ఉండే అంచు కాలిపోయినవాళ్ళకు. మంచి కన్ను అంచు నుంచి గోరుముక్కంత తీసి నారు పోసినట్టు పోస్తారు. నారు బతకాలంటే మడిలో తడి ఉండాలి. కన్నీరు లేని కంట్లో ఆ నారు నిలవడం కష్టమట. కాబట్టి ఆ చికిత్సా, మా ఆవిడ జబ్బూ ఒకటి కావు. కణం పేరు ఒకటయినంత మాత్రాన ఫైలు ఒకటి కాదు.

ఆ రాత్రి మా ఆవిడతో సంగతంతా చెప్పాను. ఆమె అన్నది ఇంతే: "ఆ డబ్బు అమ్మాయి ఇంటి అప్పుకు సర్దండి. నేను చుక్కలు వేసుకుంటాను." నేను సర్దాను. కాని రెండేళ్ళపాటు నాకు నిద్రలో కూడా ఒకటే పీకులాట. నిజంగా పనికిరాదని మానేశానా, డబ్బు చూసి మానేశానా అని. ఆమె అర్ధరాత్రి కళ్ళు విడదీయలేక తడిగుడ్డ కోసం తడుముకున్నప్పుడల్లా లోపల ఏదో కలుక్కుమనేది.

2024లో మనవరాలు డెన్మార్క్ కాగితం తెచ్చింది. కోపెన్‌హాగన్‌లో ఇదే జబ్బున్న 54 మందిని తీసుకున్నారు. కొందరికి దాతల కొవ్వు నుంచి తీసిన కణాలను నేరుగా కన్నీటి గ్రంథిలోకి సూదితో ఎక్కించారు. కొందరికి ఆ కణాలను నిల్వ ఉంచే ద్రావణం మాత్రమే ఎక్కించారు. ఇంకొందరికి ఏ సూదీ ఇవ్వలేదు. ఎవరి సూదిలో ఏముందో రోగికీ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. ఏడాది తర్వాత చూస్తే, కణాలు పడ్డవాళ్ళకూ బాధ తగ్గింది, ఉత్త ద్రావణం పడ్డవాళ్ళకూ తగ్గింది. కొన్ని కొలతల్లో కణాలవాళ్ళు కొంచెం మెరుగు. అంతవరకే. నాకు ఆ కాగితం చదివాక మొదటిసారి చైనా కాగితంలో ఏమి లోపించిందో అర్థమైంది. ఉత్త ద్రావణమే అంత పనిచేస్తే, ఆ క్లినిక్ గోడ మీద నవ్వుతున్నవాళ్ళు కూడా అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. వాళ్ళకు నిజంగానే బాగనిపించి ఉంటుంది.

ఆశ లేదని నేను రాయడం లేదు. 2021లో హాలండులోని ఉట్రెక్ట్‌లో మనిషి కన్నీటి గ్రంథి మూలకణాల నుంచి చిన్న చిన్న గ్రంథులను గాజుపళ్ళెంలో పెంచారు. నరాలు పంపే రసాయనం లాంటిది పోస్తే అవి ఉబ్బి కన్నీరు కార్చాయట. 2022లో జపానులోని ఒసాకాలో మామూలు కణాలను వెనక్కు తిప్పి మూలకణాలుగా చేసి, వాటి నుంచి కన్నీటి గ్రంథి కణజాలం పెంచారు. ఇవి మనిషి కంట్లోకి రావడానికి ఎంతకాలమో. ఇంకోవైపు, తప్పుడు తెల్లకణాలనే అణచే ఇయానలుమాబ్ అనే సూదిమందు రెండు పెద్ద పరీక్షల్లో నెగ్గిందని 2025లో దాని తయారీదారులు ప్రకటించారు. గాజుపళ్ళెంలో గ్రంథి ఏడ్చిందని నేను చదివి వినిపిస్తే మా ఆవిడ చాలాసేపు నవ్వింది. "దానికి ఏం కష్టం వచ్చిందో పాపం" అన్నది.

తర్వాత డెన్మార్క్ సంగతి మళ్ళీ చదవమన్నది. మొత్తం విని మనవరాలిని అడిగింది. "ఆ ఉత్త ద్రావణం పడ్డవాళ్ళకు తర్వాత చెప్పారటే, మీకు పడింది అదేనని?" పరీక్ష ముగిశాక చెప్పడం పద్ధతి అమ్మమ్మా అన్నది మనవరాలు. "చెప్పకపోతేనే బాగుండును" అన్నది మా ఆవిడ.

షిర్మర్ కాగితం కొలతలు 2016 నుంచి ఒక నోటుపుస్తకంలో వరుసగా రాస్తున్నాను. మొన్నటి నమోదు: కుడి రెండు, ఎడమ రెండు. చుక్కలు రోజుకు ఆరుసార్లు. పళ్ళ డాక్టరు చెప్పిన ఫ్లోరైడ్ పేస్టు రెండు పూటలా. సున్నుండను పాలల్లో నానవేసి స్పూనుతో తింటున్నది.